గోడెక్కని బల్లికి వైద్యం

రిటైరైన పశువైద్యురాలు కనబడితే జనం అడిగేవి రెండే ప్రశ్నలు. ఎన్ని గేదెలకు పురుడు పోశారు, ఎప్పుడైనా ఎద్దు కుమ్మిందా. పురుళ్లు లెక్క పెట్టుకోలేదు. ఎద్దు కుమ్మింది, ఆ మచ్చ చూపించే వయసు కాదు నాది. కొత్తగా ఉద్యోగంలో చేరిన మీలాంటి పిల్లలకు నేను చెప్పాలనుకునేది మాత్రం ఒక బల్లి సంగతి. ముందే నవ్వేయండి. మా ఆసుపత్రిలో అందరూ అలాగే నవ్వారు, ఆఖరికి అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే.

అప్పుడు నాది నూజివీడు. రిటైర్మెంటు దగ్గరపడింది. మామిడి సీజన్ ఆఖరుకొచ్చింది. సీజన్‌లో మాకు వచ్చే కేసులు కూడా మామిడి కేసులే. ఆగిరిపల్లి నుంచి ఒకాయన ఆటోలో దూడనేసుకొస్తాడు, గొంతులో టెంక ఇరుక్కుందని. ముసునూరు నుంచి ఫోనొస్తుంది, గేదె తోటలో పడి రాలిన కాయలన్నీ తినేసి పొట్ట ఉబ్బిందని. మా అటెండరు టెంకలు తీయడంలో నాకు కుడిభుజం. పశువు నోరు తెరిచి పట్టుకుంటే ఇంక అది మూయలేదు. నా కింద ఒక కుర్ర డాక్టరు కూడా ఉండేవాడు. మంచివాడు, చెయ్యి శుభ్రం, ఇంజక్షను చేస్తే పశువుకి తెలిసేది కాదు. ఒకటే లోపం. సూది ముందు, ప్రశ్న తర్వాత.

ఒకరోజు పొద్దున్నే ఒక పెద్ద మామిడి వ్యాపారి కారు దిగాడు. టౌనులో ఆయన్ని అందరూ షావుకారుగారనే పిలుస్తారు, నేనూ అలాగే అంటాను. వెనకాలే ఇంటర్ అయిపోయిన కూతురు, చేతుల్లో మూత పెట్టిన ప్లాస్టిక్ డబ్బా. డబ్బా బల్ల మీద పెట్టగానే మా అటెండరు మూత తీశాడు, తీసినంత వేగంగానే వెనక్కి గెంతాడు. ఎద్దు ముట్టె పట్టుకునే మనిషి!

"బల్లండీ బాబూ!" అన్నాడు.

"బల్లి కాదండీ, లెపర్డ్ గెకో," అంది ఆ పిల్ల, చాలా మర్యాదగా.

నేను వంగి చూశాను. జానెడు పొడవు, పసుపు ఒళ్లు, దాని మీద నల్ల చుక్కలు. బాగా మాగిపోయి మచ్చలు పడిన బంగినపల్లి పండు రంగు. ఆ పిల్ల దానికి బంగినపల్లి అనే పేరు పెట్టుకుందట. మన గోడల మీద తిరిగే బల్లికి కనురెప్పలుండవు, దీనికున్నాయి. వేళ్లకి గోడ పట్టుకునే మెత్తలు లేవు కాబట్టి గోడెక్కదు. విదేశీ జాతి, హైదరాబాదులో ఉన్న పెదనాన్న కొడుకు కొనిచ్చాడు. ప్రభుత్వంలో నమోదు చేయించారా అని ముందు అదే అడిగాను. చేయించామంది. సరే, అప్పుడు పేషెంటు దగ్గరికొచ్చాను.

"ఏమైంది?"

పిల్ల నోరు తెరిచేలోగా తండ్రి అందుకున్నాడు. "వేడి చేసిందండీ."

నాకు ఒళ్లు మండే మాటల్లో ఇదొకటి. మన ప్రాంతంలో ఏ జబ్బుకైనా ముందు ఈ మాట తయారుగా ఉంటుంది. ముక్కుంట రక్తమొస్తే వేడి, కళ్లు ఎర్రబడితే వేడి, మామిడిపండ్లు తింటే వేడి. గేదె పాలు తగ్గినా వేడే. రోగం పేరు ఇంటి దగ్గరే పెట్టేసుకొస్తారు, ఇంక డాక్టరు మందు రాసిస్తే చాలు.

"ఆ సంగతి నేను చూసి చెప్తా లెండి షావుకారుగారూ. అమ్మా, నువ్వు చెప్పు."

అది తినడం మానేసిందనీ, ఎప్పుడూ మూలనే పడుంటోందనీ, విసర్జన కూడా ఆగిపోయిందనీ చెప్పింది. నేను దాన్ని అరచేతిలోకి తీసుకున్నాను. ఈ జీవికి ఒంట్లో కొవ్వంతా తోకలో ఉంటుంది. ఆరోగ్యంగా ఉంటే తోక బొద్దుగా ఉండాలి. దీని తోక పీక్కుపోయి ఉంది. కళ్లు సగం మూసుకుంది. దవడ నొక్కి చూస్తే గట్టిగానే ఉంది, కాళ్లు వంకర పోలేదు, నోట్లో పుండ్లు లేవు, పొట్టలో గడ్డ తగల్లేదు. ఒక్కటి మాత్రం నాకు నచ్చలేదు. జూన్ నెల, బయట రోడ్డు మీద తారు కరుగుతోంది. ఈ బల్లి పొట్ట నా చేతికి చల్లగా తగిలింది.

కుర్ర డాక్టరు అప్పటికే సిరంజి విప్పుతున్నాడు. "యాంటీబయాటిక్ ఒకటి వేసేద్దామా మేడం? కొద్దిగా గ్లూకోజు కూడా?"

"దేనికి?"

"కవర్ అవుతుంది కదండీ."

"కవర్ కావడానికి ఇదేమన్నా పరుపా? లోపల పెట్టు."

షావుకారుకి ఇదంతా కాలయాపనగా అనిపించింది. వెళ్లడానికి లేచి, అసలు సంగతి అప్పుడు చెప్పాడు. "చూడండి డాక్టరుగారూ, మా అమ్మాయి పశువుల డాక్టరు చదువుతానని కూర్చుంది. ఎంట్రన్సు రాసింది, ర్యాంకు కూడా వచ్చింది. నేను బీకాం చదివి కొట్లో కూర్చోమంటున్నాను. రోజూ ఇదే గోల. అందుకే ఒక మాట అనుకున్నాం. ఈ బల్లిని బతికించుకుంటే వెటర్నరీకి దరఖాస్తు పెడతాను, లేకపోతే బీకాం. ఒక్క బల్లిని సాకలేనిది రేపు ఊళ్లో గొడ్లకేం వైద్యం చేస్తుందండీ?"

పిల్ల తల వంచుకుని డబ్బా మూత బిగిస్తోంది. షావుకారు మాటల్లో కోపం లేదు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. కూతురి జీవితాన్ని తోట బేరం చేసినంత తేలిగ్గా మాట్లాడుతున్నాడు. పైగా ఆయన బేరంలో మాట తప్పడని మార్కెట్‌లో పేరు. అంటే బల్లి పోతే పిల్ల చదువూ పోయినట్టే.

"సాయంత్రం మీ ఇంటికొస్తాను," అన్నాను. "అది ఉండే చోటు చూడాలి."

"బల్లికి హోమ్ విజిట్టా మేడం!" అని కుర్ర డాక్టరు నవ్వాడు. అటెండరు ఆ మధ్యాహ్నమంతా వచ్చిన రైతుకల్లా ఈ కబురే చెప్పాడు. సాయంత్రానికి విస్సన్నపేట నుంచి మేకనేసుకొచ్చిన ఆవిడ కూడా, "బల్లి డాక్టరమ్మ మీరేనాండీ?" అని అడిగింది.

షావుకారు ఇల్లు రెండంతస్తులు. కింద గోదాము, పైన కాపురం. గోదాములో అడుగుపెడితే వరిగడ్డి వాసన, పండు వాసన కలిసి ముక్కుని పట్టేస్తాయి. ఆయన గుత్తకి తీసుకున్న తోటల కాయంతా మార్కెట్‌కే వెళ్లిపోతుంది గానీ, ఇంటికీ చుట్టాలకీ మాత్రం రసాలు పాతపద్ధతిలో గడ్డిలోనే మాగవేస్తాడు. పొద్దున లేవగానే గడ్డిలో చెయ్యి పెట్టి వేడి చూసుకుని గానీ కాఫీ తాగడట. ఈ ముక్క షావుకారు తల్లి, అంటే పిల్ల నాయనమ్మ, మెట్లెక్కుతుంటే గర్వంగా చెప్పింది.

పైన పిల్ల గది తలుపు తీయగానే నా ముఖానికి చలిగాలి కొట్టింది. ఏసీ. బయట అంత ఎండ కాస్తుంటే లోపల దుప్పటి కప్పుకోవాలి. ఆ గదిలో అద్దాల పెట్టె, దాంట్లో తడిపి పిండిన తువ్వాలు, తువ్వాలు మీద బంగినపల్లి. పక్కనే చిన్న గిన్నెలో నానబెట్టిన సబ్జా గింజలు, ఇంకో గిన్నెలో మజ్జిగ, ఒక డ్రాపరు. పెట్టె కింద పరిచే చిన్న కరెంటు హీటరు మ్యాటు ఉండాలి, అది చుట్టచుట్టి అలమర పైన పడేశారు.

"ఇదెందుకు తీశారు?"

"ఎండాకాలంలో హీటరేంటమ్మా, విడ్డూరం కాకపోతే!" అంది నాయనమ్మ. "నేనే తీయించాను. అది తిండి తగ్గించింది, వేడి చేసిందేమోనని మజ్జిగ పట్టించమన్నాను. పక్కింటావిడ సబ్జా చెప్పింది. ఇంకా తినకపోతే మా అబ్బాయే ఏసీ పెంచమన్నాడు. తడిగుడ్డ మాత్రం మనవరాలి తెలివే."

తిలా పాపం తలా పిడికెడు. నిజానికి ఆ ఇంట్లో ఎవరికీ దాని మీద ద్వేషం లేదు. నాయనమ్మ అయితే బల్లిశాస్త్రం మొత్తం నోటికి వచ్చిన మనిషి, నెత్తిన పడితే ఏమిటి, భుజాన పడితే ఏమిటి అన్నీ చెప్పగలదు. అలాంటి మనిషి కూడా, "గోడెక్కని బల్లి మీద పడేదెప్పుడు? ఇది శాస్త్రంలోకి రాదులే," అని తీర్పిచ్చి ఇంట్లో ఉండనిచ్చింది. అందరూ ప్రేమగా చల్లబరిచి దాన్ని చావు దాకా తీసుకెళ్లారు.

షావుకారుని పైకి పిలిపించాను. "మీ బల్లికి వేడి చెయ్యలేదు. చలి చేసింది."

ఆయన నా వంక అనుమానంగా చూశాడు. "నూజివీడులో, జూన్‌లో చలేంటండీ?"

"మీరు గడ్డిలో వేసిన కాయని తీసి ఫ్రిజ్‌లో పెడితే మాగుతుందా?"

"ఎందుకు మాగుద్దండీ? అలాగే రాయిలా ఉంటది."

"దీని కడుపూ అంతే. మనకి ఒంట్లో వేడి ఒంట్లోనే పుడుతుంది. దీనికి పుట్టదు, కింద నేల నుంచి తీసుకోవాలి. పొట్టకి వెచ్చదనం తగిలితేనే తిన్నది అరుగుతుంది. చల్లగా ఉంటే లోపలున్నది లోపలే ఉండిపోతుంది. ఇంక కొత్తగా ఏం తింటుంది?"

షావుకారు కాసేపు పెట్టె వంక చూసి, రిమోట్ తీసుకుని ఆయనే ఏసీ ఆపేశాడు. ఇరవై మాటలు చెప్పినా ఎక్కనిది గడ్డీ కాయా పేరు చెప్తే ఎక్కింది. మీరు రేపు రైతులతో మాట్లాడేటప్పుడు వాళ్ల చేతికి రోజూ తగిలే వస్తువు పేరుతో మొదలుపెట్టండి, పని సులువవుతుంది.

అలాగని ఎండలో పెట్టమని కాదు. ఎండలో పెడితే గంటలో పోతుంది. పెట్టెను కిందికి దింపించి, గోదాము వెనక మందపాటి గోడలున్న మధ్యగదిలో పెట్టించాను. తువ్వాలు తీసేసి టిష్యూ కాగితం పరిపించాను. హీటరు మ్యాటు ఒక చివర మాత్రమే, వేడి హద్దు దాటకుండా చూసే మీటతో సహా. అటు వెచ్చన, ఇటు చల్లన, ఎటు కావాలంటే అటు వెళ్తుంది. వెచ్చటి వైపు దూరడానికి చిన్న గూడు పెట్టించి, అందులో మాత్రం ఒక తడిగుడ్డ ముక్క వేయించాను. మజ్జిగ, సబ్జా బంద్. ఒళ్లు వెచ్చబడేదాకా తిండి పెట్టొద్దన్నాను. జూలో పనిచేసే నా పాత క్లాస్‌మేట్‌కి ఫోన్ చేసి అన్నీ చెప్పాను. గోరువెచ్చని నీళ్లు పొట్ట తడిసేంత పోసి కాసేపు కూర్చోబెట్టు, విసర్జన రాకపోతే ఎక్స్‌రేకి విజయవాడ తీసుకెళ్లాలి అన్నాడు.

ఆ పిల్ల నన్ను గేటు దాకా సాగనంపింది. "హీటరు తీసేటప్పుడు నాకు తప్పనిపించింది మేడం. అందరూ వేడి అన్నారు, నాకూ ఇంక అలాగే కనబడింది," అంది.

"రేపటి నుంచి అందరూ అనేది విను, కానీ దాన్ని చూడు," అన్నాను. "నిన్న ఎలా ఉంది, ఇవాళ ఎలా ఉంది. అదే వైద్యం."

రెండు రోజులు ఏ కబురూ లేదు. మూడోనాడు నేను ఒక గేదె దగ్గర భుజం దాకా చెయ్యి పెట్టి ఉండగా ఫోను మోగింది. అటెండరు స్పీకరు పెట్టి నా చెవి దగ్గర పట్టుకున్నాడు. "మేడం! వెళ్లింది! బంగినపల్లి వెళ్లింది!" అని అరిచింది పిల్ల. పాపం గేదె రైతు భయపడిపోయి, "ఎవరు పోయారండీ?" అని అడిగాడు. విసర్జన అయిందని చెప్తే ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. నాకు మాత్రం ఆ కంపు కొట్టే పాకలో పండగలా ఉంది.

ఆ తర్వాత అది తినడం మొదలెట్టింది. దాని తిండి కీచురాళ్లు, పిండిపురుగులు. కొరియరులో వస్తాయి, పైన కాల్షియం పొడి చల్లి పెట్టాలి. తోటల్లో పట్టిన పురుగులు పెట్టొద్దని గట్టిగా చెప్పాను, మన తోటల్లో మందు కొట్టని చెట్టు లేదు. "బియ్యంలో పురుగు పడితే నేను చెరిగి పారబోస్తాను, ఇది పురుగులు కొనుక్కొస్తుంది," అని నాయనమ్మ బుగ్గలు నొక్కుకుంది. తోక కొంచెం కొంచెంగా నిండుతోంది. షావుకారు మాత్రం ఒప్పుకోలేదు. "ఆదివారం దాకా చూద్దాం. సోమవారంతో దరఖాస్తు గడువు అయిపోద్ది. ఆదివారం నా కళ్లముందు తింటే అప్పుడు మాట్లాడదాం," అన్నాడు. సరుకు తూకం కళ్లారా చూడకుండా లారీ ఎక్కించని మనిషి, ఏం చేస్తాం.

ఆదివారం మధ్యాహ్నం షావుకారే ఫోన్ చేశాడు. "రండి డాక్టరుగారూ. మీ బల్లి మళ్లీ మానేసింది."

కుర్ర డాక్టరుని వెంటబెట్టుకుని వెళ్లాను. మధ్యగదిలో అందరూ పెట్టె చుట్టూ ఉన్నారు. నాయనమ్మ చేతిలో మళ్లీ మజ్జిగ గిన్నె. షావుకారు కుర్చీలో వెనక్కి వాలి, "నిన్నటి నుంచి ముట్టలేదు. రంగు కూడా వెలిసిపోయింది. చూడండి, పాలిపోయి సున్నం కొట్టినట్టుంది," అన్నాడు. నిజమే. ఆ పసుపంతా బూడిదరంగులోకి దిగింది. కళ్ల మీద కూడా మసక. కదలకుండా దాని గూట్లో పడుకుంది.

కుర్ర డాక్టరు సంచీ తెరిచాడు. "గ్లూకోజు వేసేద్దాం మేడం, ఇంక ఆలస్యం చేస్తే కష్టం."

నేను చూసిన మొదటి క్షణంలోనే సంగతి అర్థమైంది. చెప్పబోయి, పిల్ల ముఖం చూసి ఆగాను. ఆ పిల్ల ఏడవడం లేదు. పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని, చెంప నేలకు ఆనించి దాని వంకే చూస్తోంది. ఇది నేను చెప్తే షావుకారు దృష్టిలో గెలిచింది నేనవుతాను. గెలిచి నేనేం చేసుకోను? మరో నెలలో ఇంటికి పోయేదాన్ని. నోరు మూసుకున్నాను. నాకది ఎంత కష్టమో నన్నెరిగిన వాళ్లకు తెలుసు.

"ఏమ్మా, ఏం చేద్దామంటావ్?" అన్నాను.

"ఏమీ చెయ్యొద్దు మేడం."

గదిలో అందరూ ఒక్కసారి పిల్ల మీద పడ్డారు. నాయనమ్మ వేడంది. తండ్రి, "ఏమీ చెయ్యకపోతే డాక్టరెందుకు?" అన్నాడు. కుర్ర డాక్టరు సిరంజి పట్టుకుని నా వంక చూశాడు. పిల్ల లేచి నిలబడి పెట్టె మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"దీనికి జబ్బు లేదు నాన్నా. తోక చూడు, మొన్నటికంటే లావుగా ఉంది, జబ్బు చేస్తే తగ్గాలి కదా. పొద్దున విసర్జన కూడా బాగానే వెళ్లింది. చల్లటి వైపు పడుకోలేదు, వెచ్చటి వైపే తడిగుడ్డ పెట్టిన గూడు వెతుక్కుని అందులో దూరింది. కుబుసం విడవబోతోంది. అందుకే రంగు పాలిపోయింది, అందుకే తినట్లేదు. ఇప్పుడు సూది వేస్తే కొత్త చర్మం పాడవుతుంది. దీన్ని ఎవ్వరూ ముట్టుకోవద్దు."

"ఎవ్వరూ అంటే డాక్టరుగారు కూడానా?"

పిల్ల ఒక్క క్షణం నా వంక చూసింది. "మేడం కూడా."

ఆ మాట వినగానే నా ఒళ్లు పులకరించింది. ముప్పై ఏళ్ల పైచిలుకు సర్వీసులో నాకు ఎవరిచ్చిన ప్రశంసాపత్రమూ అంత ఆనందం ఇవ్వలేదు. కుర్ర డాక్టరుని సిరంజి లోపల పెట్టమని సైగ చేసి, నేలమీద చతికిలబడ్డాను. "షావుకారుగారూ, కాఫీ ఇప్పించండి. కూర్చుందాం," అన్నాను.

కూర్చున్నాం. షావుకారుకి కూర్చోవడం రాదు. కిందికీ పైకీ నాలుగుసార్లు తిరిగాడు. మధ్యలో, "ఒకవేళ మీరూ, ఇదీ ఇద్దరూ పొరబడితే?" అన్నాడు. నేను, "పొరబడితే బీకాం చదువుతుంది. మీకేం నష్టం లేదుగా," అన్నాను. ఆయన ముఖం మాడిపోయింది. అప్పుడు తెలిసింది నాకు, బేరం ఓడిపోవాలని ఆయనే కోరుకుంటున్నాడని.

పొద్దువాలాక గూట్లో కదలిక మొదలైంది. బంగినపల్లి మూతిని అంచుకేసి రుద్దింది. మూతి దగ్గర తెల్లటి పొర చిట్లింది. తర్వాత ముందు కాళ్లు, వీపు, తెల్ల చొక్కా విప్పుకుంటున్నట్టు. విప్పిందాన్ని విప్పినట్టే నోట కరిచి మింగేయడం మొదలెట్టింది.

"అయ్యో, దాని చొక్కా అదే తినేస్తోందే!" అంది నాయనమ్మ.

"తినాలి నాయనమ్మా. దాని బలం దానికే."

కింద నుంచి బయటపడ్డ రంగు చూడాలి మీరు. అప్పుడే గడ్డిలోంచి తీసిన పండులా పసుపు నిగనిగలాడింది, చుక్కలు సిరాతో పెట్టినట్టున్నాయి. కుర్ర డాక్టరు ఫోను తీసి వీడియో పట్టాడు. ఇప్పటికీ కొత్తగా చేరిన వాళ్లకు చూపిస్తాడట, చూపించి సూదికంటే ముందు ప్రశ్న అడగమంటాడట. ఆ మార్పు కూడా నా ఖాతాలోనే వేసుకుంటాను.

పిల్ల చిన్న పట్టకారతో కీచురాయిని పట్టుకుని పెట్టెలో వదిలింది. బంగినపల్లి దాని వంక చూసింది. తల వంచింది. తోక కొస మెల్లగా అటూ ఇటూ ఆడించింది. షావుకారు ముందుకు వంగి ఊపిరి బిగపట్టాడు. ఒక్క ఉదుటున దూకింది. కీచురాయి కాలు ఒకటి నోటి బయట, మిగతాదంతా లోపల.

"తినేసింది!" అని అరిచింది షావుకారే. వేలంపాటలో తప్ప ఆయన గొంతు అంత పెద్దగా వినలేదని నాయనమ్మ అంది. నేను చప్పట్లు కొట్టాను. సిగ్గేం లేదు, కుర్ర డాక్టరూ కొట్టాడు. నాయనమ్మ మజ్జిగ గిన్నె ఎత్తి తనే తాగేసింది.

షావుకారు కండువాతో ముఖం తుడుచుకున్నాడు, తుడుచుకోవడం కాస్త ఎక్కువసేపే పట్టింది. తర్వాత కూతురి వైపు తిరిగాడు. "రేపటిదాకా ఎందుకు, దరఖాస్తు ఇప్పుడే పెట్టేద్దాం. ఫోనులోనే పెట్టొచ్చంటగా. రా."

పిల్ల తల తిప్పలేదు. ఫోను లైటు వేసుకుని, చెంప అద్దానికి ఆనించి, లోపలికే చూస్తోంది.

"ఉండు నాన్నా. వేళ్లకి పొర ఉండిపోతే రక్తం ఆడదు. వెనక కాళ్లు ఇంకా చూడలేదు."

షావుకారు చేతులు కట్టుకుని, డాక్టరు పిలిచేదాకా వరండాలో నిలబడే రైతులాగా, కూతురు చూడటం అయ్యేదాకా నిలబడ్డాడు.